గ్రెయినులో పదోవంతు: తుపాకిమందు తూచే త్రాసు, పోసే పరికరం

మానికతో బియ్యం కొలుస్తాము. త్రాసుతో బంగారం తూస్తాము. కొలవడం వేరు, తూచడం వేరు అన్న సంగతి మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. మానికెడు బియ్యం, మానికెడు అటుకులు ఒకే చోటును ఆక్రమిస్తాయి కాని బరువులో వాటికి పోలికే లేదు. వంటింట్లో ఈ తేడాను విస్మరించినా పెద్ద ప్రమాదమేమీ ఉండదు. అమెరికాలో చాలామంది తమ ఇంటి గ్యారేజీలో ఒక బల్ల వేసుకొని సొంతంగా తూటాలు నింపుకుంటారు. ఆ బల్ల మీద మాత్రం కొలతకూ తూనికకూ మధ్యనున్న ఈ తేడా మనిషి కంటికీ, చేతికీ సంబంధించిన విషయమవుతుంది. అందుకే అక్కడివారు ఈ పని మొదలుపెట్టేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి కొనే వస్తువు తుపాకి కాదు, త్రాసు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల తుపాకిమందు, మూతివద్ద బిగించిన గుండు. తుపాకి పేలినప్పుడు మూడు ఖర్చయిపోతాయి, తొడుగు మిగులుతుంది. ఆ తొడుగును మళ్ళీ సరైన కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు అమర్చి, మందు తూచి పోసి, గుండు బిగిస్తే తూటా తిరిగి సిద్ధమవుతుంది. దీనినే రీలోడింగ్ అంటారు. కొందరికి ఇందులో పొదుపు ముఖ్యం. కొందరికి తాతల నాటి తుపాకికి అంగడిలో తూటాలు దొరకకపోవడం కారణం. 2020, 2021 సంవత్సరాల్లో అక్కడి దుకాణాల్లో తూటాల అరలు ఖాళీ అయినప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారూ ఉన్నారు. పోటీల్లో పాల్గొనేవారికి మాత్రం ఒక తూటాకూ మరొక తూటాకూ తేడా లేకుండా చేసుకోవడమే పరమార్థం. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి నింపుకుంటే లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి తయారు చేస్తే కావాలి.

మన దేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పైగా మన క్రీడాకారులకు ఈ అవసరం పెద్దగా కలగదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండనులో హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం సాధించినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో మందే ఉండదు, గాలి ఒత్తిడితో పని జరుగుతుంది. అదే లండనులో విజయ్ కుమార్‌కు రజతం తెచ్చిన 25 మీటర్ల పోటీలో వాడే చిన్న రిమ్‌ఫైర్ తూటాకు ప్రైమరు విడిగా ఉండదు. నిప్పు పుట్టించే పదార్థం తొడుగు అంచులోనే ఇమిడి ఉంటుంది కనుక దాన్ని తిరిగి నింపడం సాధారణంగా సాధ్యం కాదు.

మన ఉద్యోగుల కుటుంబాల్లో అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు అనేకమంది ఉన్నారు గనుక ఇక్కడ మరొక మాట చెప్పవలసి ఉన్నది. విద్యార్థి వీసా మీద, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకినీ, తూటాలనూ కలిగి ఉండడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. సహోద్యోగి ఇంట్లో సరదాగా ఈ పని చూసి, తానూ మొదలుపెడదామనుకునే యువకుడు ముందుగా తెలుసుకోవలసింది త్రాసు గురించి కాదు, ఈ నిబంధన గురించి. స్థిరనివాసపు గ్రీన్‌కార్డు ఉన్నవారి సంగతి వేరు.

ఇక విషయానికి వద్దాము. తుపాకిమందును తూచే ప్రమాణం గ్రెయిను. పూర్వం ఇంగ్లండులో ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన కొలత ఇది. ఒక పౌనుకు 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను ఇంచుమించు 64.8 మిల్లీగ్రాములు. ఈ మాట మనకు పరాయిదిగా తోచవచ్చును గాని, మన తులానికి దీనితో దగ్గరి చుట్టరికమే ఉన్నది. 1833లో బ్రిటిషు పాలకులు రూపాయి నాణెం బరువును 180 గ్రెయిన్లుగా స్థిరపరచి, దానినే తులం అన్నారు. 11.66 గ్రాముల పాత తులం అలా వచ్చినదే. తులానికి 96 రత్తులు. రత్తి అంటే కంసాలి త్రాసులోని గురువింద గింజ. లెక్క వేస్తే గురువింద గింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. తుపాకిమందు తూచేవారు కోరే ఖచ్చితత్వం గ్రెయినులో పదోవంతు. అంటే ఒక గురువింద గింజను పద్దెనిమిది, పంతొమ్మిది ముక్కలు చేస్తే వాటిలో ఒక ముక్క బరువన్న మాట.

అంత సూక్ష్మత నిజంగా అవసరమా అన్న ప్రశ్న సహజం. సమాధానం తూటా పరిమాణాన్ని బట్టి ఉంటుంది. పెద్ద రైఫిల్ తూటాలో నలభై అయిదు గ్రెయిన్ల మందు పడుతుందనుకుంటే, పదోవంతు గ్రెయిను తేడా నూటికి పావు వంతు కూడా కాదు. పిస్తోలు తూటాలో పడేది అయిదు గ్రెయిన్లే అయితే, అదే తేడా నూటికి రెండు వంతులవుతుంది. చిన్న తూటాకు చిన్న జాగ్రత్త చాలునని కొత్తవారు అనుకుంటారు. నిజం దానికి సరిగ్గా వ్యతిరేకం. మందు పెరిగిన కొద్దీ గుండు వేగం కొంచెం పెరుగుతుంది, లోపలి ఒత్తిడి మాత్రం అంతకంటే వేగంగా పెరుగుతుంది. అనుమతించిన గరిష్ఠ స్థాయికి దగ్గరగా నింపేవాడికి వెనుక మిగిలి ఉండే భద్రత చాలా తక్కువ.

పూర్వకాలంలో ఇంత పట్టింపు లేదు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు తుపాకిమందును కొలపాత్రతో పోసేవారు. కాస్త ఎక్కువ తక్కువలైనా సాగిపోయేది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగ రాని మందును కనిపెట్టాడు. తరువాత నోబెల్ బాలిస్టైట్, ఏబెల్, డ్యువార్ల కార్డైట్ వచ్చాయి. ఇవి పాతదానికంటే ఎన్నో రెట్లు శక్తివంతమైనవి. పాత కొలపాత్రతోనే కొత్త మందు పోసినవారి తుపాకులు బద్దలయ్యేవి. ఈ చరిత్ర గుర్తుగా నేటికీ అమెరికాలో షాట్‌గన్ తూటాల పెట్టెల మీద డ్రామ్ సమానం అని ఒక అంకె వేస్తారు. అది లోపలున్న మందు బరువు కాదు. పాత మందు ఎంత పోస్తే అంత వేగం వచ్చేదో చెప్పే అంకె మాత్రమే. దానిని బరువుగా భావించి త్రాసులో పెట్టినవాడు ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నట్లే.

నీలగిరుల్లోని అరువంకాడులో 1904లో నెలకొన్న కార్డైట్ ఫ్యాక్టరీ 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థలో భాగం. అలాంటి కర్మాగారాల విధానానికీ, గ్యారేజీ బల్లకూ ఒక మౌలికమైన భేదం ఉన్నది. కర్మాగారంలో మందు ఒక్కొక్క విడతగా వస్తుంది. ప్రతి విడతనూ పరీక్షించి, కావలసిన వేగం, ఒత్తిడి వచ్చేటట్లు పోయవలసిన బరువును సరిచేస్తారు. ఇంట్లో నింపుకునేవాడికి ఒత్తిడి కొలిచే పరికరాలుండవు. అందుకే డబ్బాల్లో చిల్లరగా అమ్మే మందును తయారీదారులే కలగలిపి, ఏ విడత కొన్నా ఒకే తీరున మండేటట్లు చూస్తారు. ఆ మందు తయారీదారు అచ్చువేసిన పట్టికను నమ్మి, త్రాసును నమ్మి అతడు పని చేస్తాడు. పట్టిక ఎంత సరైనదైనా త్రాసు తప్పు చెబితే పట్టిక కూడా తప్పినట్లే.

త్రాసుల్లో రెండు జాతులున్నాయి. మొదటిది కాడ త్రాసు. ఒక కాడ, దాని నడుమ కత్తి అంచు వంటి ఉక్కు మొన, ఆ మొన ఆనుకునే గట్టి రాతి పీఠం, ఒక చివర పళ్ళెం, కాడ మీద జరిగే తూకపు బిళ్ళలు. కాడ చాలాసేపు ఊగుతూ ఉంటే పని సాగదు కనుక, చివరన ఉన్న రాగి రేకు అయస్కాంతాల మధ్య కదిలేటట్లు అమరుస్తారు. రేకులో పుట్టే విద్యుత్ప్రవాహాలు ఊపును అణచివేస్తాయి. న్యూజెర్సీలో 1907లో మొదలైన ఓహాస్ సంస్థ తయారు చేయగా ఆర్.సి.బి.ఎస్. పేరుతో అమ్మిన 5-0-5, 10-10 నమూనాలను పాతవైనా వెతికి కొనుక్కునేవారు నేటికీ ఉన్నారు. ఆ అభిమానంలో కొంత జ్ఞాపకాల మోజు ఉంటే ఉండవచ్చు, కాని కారణం లేకపోలేదు. ఈ త్రాసుకు కరెంటు అక్కరలేదు, వేడెక్కవలసిన పని లేదు, కాలక్రమాన అంకె జారిపోదు. అది బరువును బరువుతోనే పోల్చి చూస్తుంది.

కాడ త్రాసు కొనేవారు మొనను, పీఠాన్ని భూతద్దంతో చూడాలి. మొన మొద్దుబారినా, పీఠంలో గాటు ఉన్నా ఆ త్రాసు ఒకే బరువుకు ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతుంది. పరీక్ష చాలా సులభం. పళ్ళెంలో ఏదైనా వస్తువు పెట్టి తూచాలి. పళ్ళెం ఎత్తి మళ్ళీ పెట్టాలి. పదిసార్లు అలా చేసినా కాడ అదే గీత వద్ద ఆగాలి. మొనకు నూనె వేయడం మంచిదని ఎవరైనా చెబితే వినకూడదు. నూనెకు దుమ్ము పట్టి కాడ కదలిక మందగిస్తుంది. గీతను కంటికి సమాన ఎత్తులో ఉంచుకొని చూడాలి, పైనుంచి వంగి చూస్తే చదివే అంకె మారుతుంది. ఇక దీని లోపమల్లా నిదానమే. వంద తూటాలు నింపేవాడికి సాయంత్రమంతా పడుతుంది.

రెండవ జాతి ఎలక్ట్రానిక్ త్రాసు. వీటిలో చవకవాటిలో లోడ్‌సెల్ ఉంటుంది. బరువుకు ఒక లోహపు కడ్డీ అతి సూక్ష్మంగా వంగుతుంది, ఆ వంపును విద్యుత్ సంకేతంగా మార్చి అంకె చూపుతారు. ఖరీదైన ప్రయోగశాల త్రాసుల్లో విద్యుదయస్కాంత బలంతో పళ్ళేన్ని తిరిగి యథాస్థానానికి తెచ్చి, అందుకు ఎంత విద్యుత్తు పట్టిందో దాన్నిబట్టి బరువు తేలుస్తారు. మన నాణ్యతా పరీక్షశాలల్లో పనిచేసే సోదరులకు ఈ రెండవ రకం పరిచితమే. దూరపు పోటీలవారు ఇప్పుడు ఎక్కువగా దానినే ఆశ్రయిస్తున్నారు, ఎందుకంటే అది గ్రెయినులో యాభయ్యోవంతును కూడా చూపగలదు.

ఇక్కడ కొనుగోలుదారు మోసపోయే చోటు ఒకటున్నది. తెరమీద కనబడే అంకె వేరు, త్రాసుకు నిజంగా ఉన్న సామర్థ్యం వేరు. నగల దుకాణాల కోసమని చవకగా అమ్మే జేబు త్రాసు గ్రాములో నూరోవంతు చూపుతుందని గొప్పగా రాస్తారు. గ్రాములో నూరోవంతు అంటే 0.15 గ్రెయిను. తెరమీద గ్రెయిన్లకు మార్చి ఒక దశాంశ స్థానం చూపినంత మాత్రాన లోపలి సూక్ష్మత పెరగదు. అది పదోవంతు గ్రెయినును పట్టుకోలేదు. గ్రాములో వెయ్యోవంతు చూపేది అయితేనే ఈ పనికి అర్హత ఉన్నట్లు.

ఎలక్ట్రానిక్ త్రాసుకు కొన్ని చాపల్యాలున్నాయి. స్విచ్చి వేసిన తరువాత అరగంటైనా వేడెక్కనివ్వాలి. గది వేడిమి మారితే సున్నా జారుతుంది. ఫ్యాను గాలి, ఏసీ గాలి సోకితే అంకె నిలకడగా ఉండదు. పొడి వాతావరణంలో స్థిరవిద్యుత్తు చేరి మందు రేణువులు పళ్ళేనికి అంటుకోవడమే గాక, బరువు కూడా తప్పుగా పడుతుంది. పక్కన సెల్‌ఫోను పెట్టడం మంచిది కాదు. వీటన్నిటికంటే చిత్రమైనది ఇంకొకటి. చాలా త్రాసులు సున్నా తనంతట తాను జారితే సరిచేసుకునేటట్లు రూపొందించబడ్డాయి. మందును ఒక్కొక్క రేణువుగా నెమ్మదిగా రాల్చినప్పుడు, ఆ మెల్లని పెరుగుదలను కూడా జారుడుగానే భావించి త్రాసు లెక్కలోకి తీసుకోదు. మందు పడుతూనే ఉంటుంది, అంకె మాత్రం కదలదు. పళ్ళేన్ని పైకెత్తి తిరిగి పెడితే నిజం బయటపడుతుంది. కొనేముందు అంగడిలోనే ఈ పరీక్ష చేసి చూడడం ఉత్తమం.

మరొక సూక్ష్మం. లోడ్‌సెల్ నిజానికి తూచేది భూమి ఆకర్షణను. ఆ ఆకర్షణ భూమధ్యరేఖ వద్ద కంటే ధ్రువాల వద్ద దాదాపు నూటికి అర వంతు ఎక్కువ. ఒకచోట సరిచేసిన త్రాసును దూరంగా మరొకచోటికి తీసుకుపోయి అలాగే వాడితే, ఆ గరిష్ఠ తేడాలో నలభై అయిదు గ్రెయిన్ల మందుకు పావు గ్రెయిను వరకు తప్పు రావచ్చు. కాడ త్రాసుకు ఈ బాధ లేదు, రెండు వైపులా ఆకర్షణ సమానంగానే మారుతుంది కాబట్టి. ఇల్లు మారినప్పుడల్లా ఎలక్ట్రానిక్ త్రాసును ప్రమాణ తూకపు బిళ్ళతో సరిచేయమనడానికి కారణం ఇదే.

ఆ బిళ్ళల సంగతి చాలామంది చివరకు నెట్టేస్తారు. త్రాసుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకొని అయినా ఒక మంచి తూకపు బిళ్ళల పెట్టె కొనాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. త్రాసుతోపాటు ఇచ్చే యాభై గ్రాముల బిళ్ళ ఒక్కటే చాలదు. యాభై గ్రాములంటే 770 గ్రెయిన్ల పైమాట. తూచబోయేది అయిదు గ్రెయిన్లు. ఏనుగును సరిగా తూచిన త్రాసు చీమను కూడా సరిగా తూస్తుందని పూచీ ఏమిటి? తూచబోయే బరువుకు దగ్గరగా ఉన్న బిళ్ళతో పని మొదట ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి సరిచూసుకోవాలి. బిళ్ళను వేళ్ళతో ముట్టకుండా చిమటాతో పట్టుకోవాలి. చేతి జిడ్డుకు కూడా బరువున్నది.

త్రాసు తరువాత వచ్చేది మందు పోసే పరికరం. ఇందులో సాధారణమైనది తిరిగే డోలు రకం. పైన మందు నిండిన గొట్టం, కింద ఉక్కు డోలు, డోలులో పెంచుకో తగ్గించుకో వీలైన గుంట. పిడి పైకెత్తితే గుంట నిండుతుంది, దించితే తొడుగులోకి కుమ్మరిస్తుంది. అంటే ఇది తూచదు, కొలుస్తుంది. మన మానిక వంటిదే. మానికను కుదిపి కొలిస్తే ఎక్కువ బియ్యం పడతాయి, వదులుగా కొలిస్తే తక్కువ. ఇక్కడా అంతే. పిడిని ఒక్కోసారి ఒక్కో తీరున కదిపేవాడికి ఒక్కో బరువు వస్తుంది. గొట్టంలో మందు సగానికి తగ్గితే పైనుంచి పడే ఒత్తిడి మారుతుంది గనుక, నడుమ ఒక అడ్డురేకు ఉన్న పరికరం మేలు.

మందు ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. గసగసాల వంటి గుండ్రని రేణువులు డోలులో నీళ్ళలా ప్రవహిస్తాయి. అవి పదోవంతు గ్రెయిను తేడాలోపలే పడతాయి. కడ్డీ ముక్కల వంటి పొడవాటి రేణువులు అడ్డదిడ్డంగా పడి, డోలు అంచున చిక్కి కరకరమని తెగుతాయి. అటువంటి మందు వాడేవారు డోలుతో కాస్త తక్కువ పోసి, మిగిలినది త్రాసు పళ్ళెంలోకి రాల్చి సరిచేస్తారు. రాల్చడానికి వేళ్ళతో తిప్పే చిన్న గొట్టం ఒకటి దొరుకుతుంది. చూడడానికి ఆటవస్తువులా ఉంటుంది గాని, ధరకు తగినంత ప్రయోజనం ఇచ్చే వస్తువు ఈ బల్ల మీద ఇంకొకటి లేదు.

ఈ రెండు పనులనూ కలిపి చేసే స్వయంచాలక యంత్రాలు ఇప్పుడు విరివిగా వచ్చాయి. అంకె నొక్కితే మోటారు గొట్టాన్ని తిప్పుతుంది, త్రాసు చూస్తూ ఉంటుంది, కావలసిన బరువు రాగానే ఆపేస్తుంది. తూచే శ్రమ తగ్గుతుంది. అయితే లోపలున్నది చాలావాటిలో పైన చెప్పిన లోడ్‌సెల్ త్రాసే కాబట్టి, దాని చాపల్యాలన్నీ ఇందులోనూ ఉంటాయి. గొట్టం ఆగిన తరువాత ఒకటి రెండు రేణువులు జారిపడటం కద్దు. పక్కన ఒక కాడ త్రాసు పెట్టుకొని, పదింటికొకటి చొప్పున తిరిగి తూచి చూసేవాడికి ఇది మంచి సేవకుడు. అంకెను చూసి కళ్ళు మూసుకునేవాడికి కాదు.

ఎవరికి ఏది తగినదన్న ప్రశ్నకు పోటీదారులే సమాధానం చెప్పారు. నూరు, రెండు నూర్ల గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో గొప్ప గురికాండ్రు అనేకులు మైదానంలోనే డోలుతో కొలిచి పోస్తారు, తూచరు. ఆ దూరంలో చిన్న వేగభేదాన్ని లక్ష్యం పట్టించుకోదు. వెయ్యి గజాల పోటీకి వెళ్ళేవారు మాత్రం రేణువు దాకా తూస్తారు. అక్కడ వేగంలో స్వల్పమైన తేడా గుండును నిలువునా పైకో కిందికో తప్పిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాడు వీరిద్దరిలో ఎవరూ కాడు. అతడు మొదట ఒక మంచి కాడ త్రాసు, బిళ్ళల పెట్టె, రాల్చే గొట్టం కొనుక్కుంటే చాలు. డోలు తరువాత కొనవచ్చు, యంత్రం చిట్టచివర.

ఇంత చెప్పినా, త్రాసు చూడలేని తప్పులు రెండున్నాయి. మొదటిది, సరైన బరువుకు తప్పు మందు పోయడం. అందుకే ఒకసారికి ఒక డబ్బానే బల్ల మీద ఉంచుతారు, పని ముగియగానే గొట్టంలో మిగిలినది అదే డబ్బాలోకి తిరిగి పోస్తారు. గొట్టంలో రాత్రంతా వదిలేసిన మందు పేరు తెల్లవారాక ఎవరికీ ఖాయంగా తెలియదు. కొన్ని రకాల మందులు ఆ ప్లాస్టిక్కును కూడా పాడుచేస్తాయి. అలా పేరు తెలియని మందును పారవేయడమే తప్ప వాడరు. రెండవది, ఒకే తొడుగులో రెండుసార్లు పోయడం. పిస్తోలు తొడుగులో అయిదు గ్రెయిన్లు పోసిన తరువాత మరో అయిదు పోసినా పొంగి బయటికి రాదు, చోటు ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే యాభై తొడుగులను చెక్క పలకలోని గుంటల్లో నిలబెట్టి, గుండ్లు బిగించే ముందు టార్చిలైటు వేసి ఒక్కొక్కదానిలోకి చూస్తారు. అన్నిటిలోనూ మందు ఒకే ఎత్తున కనబడాలి. ఏ ఒక్కదాని మీద అనుమానం కలిగినా దానిలోనిది కుమ్మరించి, మొదటినుంచి మళ్ళీ తూస్తారు.